యాభై మీటర్ల అవతల

సోమవారం ఉదయం ఆరూ నలభై ఎనిమిదికి అయిదు రోడ్ల కూడలిలో ముప్పై నాలుగు కార్లు ఒకేసారి ఆగిపోయాయి. వాటిలో దేనిలోనూ డ్రైవరు లేడు. ఇరవై ఒకటి తెల్లవి, పదమూడు నీలివి. వాటి మధ్య, ఎటు చూసినా యాభై మీటర్ల ఖాళీలో, ఒక చిన్న కారు ఉంది. దాన్ని మాత్రం మనిషే నడుపుతున్నాడు.

ఆ మనిషి రిటైరైన సిటీ బస్సు డ్రైవరు. వయసు అరవై ఏడు. వెనక సీట్లో ఆయన అక్క కూర్చుని ఉంది. ఏడుంపావు లోపల ఆవిడ ఆస్పత్రి మూడో అంతస్తులో డయాలిసిస్ కుర్చీలో ఉండాలి. ఆస్పత్రి అక్కడికి కిలోమీటరున్నర.

ఎవరూ హారన్ కొట్టలేదు.

సంగతి అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే పద్నాలుగు నెలలు వెనక్కి వెళ్ళాలి.

డ్రైవరు ముప్పై ఒక్కేళ్ళు ఒకటే రూటు నడిపాడు. తొమ్మిదో నంబరు. ఒక్క యాక్సిడెంటు లేదు. వీధిలో చిన్నవాళ్ళు ఆయన్ని తొమ్మిదో నంబరు బాబాయ్ అంటారు. ఈడువాళ్ళు ఉత్త 'తొమ్మిదీ' అని పిలుస్తారు. రిటైరయ్యాక ఒక పాత వ్యాను కొనుక్కున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్క నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. బావ పోయాక తమ్ముడి ఇంటి కింది వాటాలోకి మిషనుతో సహా వచ్చేసింది. మూడేళ్ళ కిందట ఆవిడ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా కుర్చీ.

ఆ కుర్చీకి ఒక పద్ధతి ఉంది. ఏడుంపావు దాటితే బయట కాచుకుని ఉన్నవాళ్ళలో ఒకరికి ఇచ్చేస్తారు. నెలలో మూడుసార్లు అలా తప్పితే ఉదయం షిఫ్టు పోతుంది, పేరు జాబితా అడుగుకి వెళుతుంది. అడుగునుంచి పైకి రావడానికి అయిదారు వారాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా రాకపోతేనే కుర్చీ. వరసగా రెండుసార్లు తప్పితే అక్క కాళ్ళు ఉబ్బుతాయి. మూడుసార్లు తప్పితే పడుకున్నప్పుడు ఊపిరి ఆడదు.

డ్రైవరు లేని కార్లను ఆ వీధివాళ్ళు ఖాళీలు అంటారు. తెల్ల ఖాళీలు ఒక కంపెనీవి, నీలి ఖాళీలు ఇంకో కంపెనీవి. అక్క మొదట్లో వాటిలోనే ఆస్పత్రికి వెళ్ళివచ్చేది. ఒకరోజు తిరిగివస్తుంటే చేతికి సూది గుచ్చిన చోట కట్టు జారి రక్తం కారింది. కారు అది గమనించింది. రోడ్డు పక్కకి తీసి ఆగింది. తలుపులు బిగించుకుంది. సాయం వస్తోందని, కదలకుండా కూర్చోమని చెప్పింది. ఆస్పత్రి మూడు నిమిషాల వెనక ఉంది. సాయం పంతొమ్మిది నిమిషాలకి వచ్చింది. అంతసేపూ అక్క చేతిరుమాలుతో గాయాన్ని నొక్కిపట్టుకుని కూర్చుంది.

"ఇక దాని మొహం చూడకు," అన్నాడు డ్రైవరు. "నేనున్నాను, నా వ్యానుంది."

వ్యానులో మొదట్లో ముప్పై అయిదు నిమిషాలు పట్టేది. ఒకరోజు పార్కింగులో ముందుకి పోనిస్తుంటే స్తంభానికి తగిలి ముందు బంపరు ఒక పక్క ఊడి వేలాడింది. మర్నాడు మెకానిక్కు దగ్గరికి వెళుతుంటే డ్రైవరు ఒక సంగతి కనిపెట్టాడు. రోజూ మీటరు దూరంలో ఆనుకుని వచ్చే ఖాళీలు ఆరోజు మూడు మీటర్ల అవతల ఉన్నాయి. కూడలిలో ముందుకి ముక్కు పెడితే ఎదుటిది టక్కున ఆగిపోయింది.

మెకానిక్కు స్పానరు తీశాడు.

"వద్దు. వేలాడనీ," అన్నాడు డ్రైవరు.

"ఏం తొమ్మిదీ, రిటైరయ్యాక బుద్ధి కూడా రిటైరైందా?"

"సుత్తి ఉందా?"

"ఎందుకు?"

"ఈ పక్కన రెండు సొట్టలు వెయ్యి. ఆ పక్కన ఒకటి. వెనకాల ఒక చెక్క కట్టు, ఒక్క తాడుతో. ఊగుతుండాలి."

మెకానిక్కు ఆయన మొహంలోకి చూశాడు. నలభై ఏళ్ళుగా సొట్టలు తియ్యడమే పనిగా బతికినవాడు. "నా చేత్తో నేను సొట్ట వెయ్యను. సుత్తి ఇస్తా, నువ్వే వేసుకో," అన్నాడు.

డ్రైవరే వేసుకున్నాడు. ఆ వారం ఆస్పత్రికి ఇరవై రెండు నిమిషాల్లో చేరారు. 

"చూశావా అక్కా, ఎలా జడుసుకుంటున్నాయో!"

"చాల్లే మొనగాడివి. పిచ్చివాడు రోడ్డు మీదికొస్తే ఎవరైనా తప్పుకుంటారు," అంది అక్క. కానీ నవ్వింది.

మూడు మీటర్లు రెండు నెలల్లో ఎనిమిదయింది. ఏడాది తిరిగేసరికి ఇరవై. అక్క కొలతలు చూసిన మనిషి. "ఏంట్రా ఇది, మనకొక్కళ్ళకే ఇంత వదులు పెట్టి కుట్టారు," అంది. అప్పటికి ఇద్దరికీ సరదాగానే ఉంది.

డ్రైవరుకి సరదా పోయిన రోజు ఆయనకి గుర్తుంది. తెల్లవీ నీలివీ ఒకదానికొకటి దారి ఇచ్చుకునేవి కావు. ఫుట్‌పాత్ మీద ఎవరైనా చెయ్యి ఎత్తితే రెండూ పోటీపడి వచ్చేవి. జానెడు సందులో ఒకటి ఇంకొకదాని ముందు దూరేది. అదంతా ఆయన రోజూ చూసేదే. ఆరోజు వంతెన దిగుతుంటే ముందున్న నీలికారు ఒకటి పక్కకి జరిగింది. అది వదిలిన చోటులోకి ఒక తెల్లకారు చేరింది. తెల్లకారు వదిలిన చోటులోకి ఇంకో నీలిది. అలా వంతెన కిందిదాకా జరుగుకుంటూ పోయాయి. దేనికీ ఏదీ తగల్లేదు. దేని వేగమూ తగ్గలేదు. ఇరవై సెకన్లలో ఆయన ముందు రోడ్డు ఖాళీ అయింది.

ఆ కార్లలో మనుషులున్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

"అక్కా, చూశావా?" 

"చూశాను," అంది అక్క. ఈసారి జోకు వెయ్యలేదు.

ఇరవై మీటర్లు యాభై అయింది. ఇబ్బంది అప్పుడు మొదలైంది. రోడ్డు నిండా బండ్లు ఉన్నప్పుడు యాభై మీటర్లు జరగడానికి చోటు ఉండదు. జరగలేనివి ఆగుతాయి. ముందువి ఆగితే వెనకవీ ఆగుతాయి. వ్యాను వాటి దగ్గరికి వెళితే సిగ్నలు పచ్చగా ఉన్నా అవి కదలవు. ఈ నెల మొదటి బుధవారం అలా ఆగి, ఏడూ ముప్పై ఒకటికి మూడో అంతస్తు చేరారు. కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. 

"ఒకటి అయింది అమ్మా," అంది నర్సు, రిజిస్టరులో రాసుకుంటూ. "నేనేం చెయ్యలేను, ఏమనుకోకండి."

శుక్రవారం, ఆ తరవాతి సోమవారం దొరికింది. బుధవారం డ్రైవరు వేరే దారి పట్టాడు. మొదటి మలుపు దగ్గర మూడు వైపులా ఖాళీలు నిలబడి ఉన్నాయి, నాలుగో వైపు రోడ్డు తెరిచి ఉంది. అటు తిప్పాడు. రెండో మలుపు దగ్గరా ఒక్కవైపే తెరిచి ఉంది. మూడోదీ అంతే. ఏ కారూ అడ్డం రాలేదు. ఏదీ వెంబడించలేదు. నాలుగో మలుపు తిరిగాక ఎదురుగా మందుల షాపు కనిపించింది. ఆ షాపు వాళ్ళ వీధి మొదట్లో ఉంటుంది. టైము ఏడూ ఇరవై.

"రెండు," అంది నర్సు ఫోనులో.

ఆ రాత్రి అక్క పిక్క మీద డ్రైవరు బొటనవేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. 

మర్నాడు ఆయన ట్రాఫిక్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి ఇంజినీరు ముప్పై అయిదేళ్ళ ఆవిడ. డ్రైవరు చెప్పింది విని, తెర మీద ఊరి పటం తెరిచింది. తెల్ల చుక్కలు, నీలి చుక్కలు పాకుతున్నాయి. ఆవిడ నిన్నటి ఉదయాన్ని వెనక్కి తిప్పి చూపించింది. ఆరూ ఇరవై అయిదుకి చుక్కల మధ్య ఒక గుండ్రటి ఖాళీ పుట్టింది. అది రోడ్ల వెంబడి నడిచి, చుట్టూ తిరిగి, పుట్టినచోటుకే వచ్చింది.

"మీ వ్యాను దీన్లో కనిపించదు సార్. ఈ ఖాళీయే మీరు. మూడు నెలలుగా చూస్తున్నాం. ఏంటో అర్థం కాలేదు."

"రెండు కంపెనీలూ కూడబలుక్కున్నాయా అమ్మా?"

"వాళ్ళకీ వీళ్ళకీ కోర్టులో కేసు నడుస్తోంది సార్. ఒకళ్ళ కార్లు ఇంకొకళ్ళ కార్లతో మాట్లాడే ఏర్పాటే లేదు."

"మాటల్లేకుండానే ఇంత పొందిగ్గా చేస్తాయా?"

"ఒకదాన్ని చూసి ఒకటి. ముందుది మీకు దూరం జరిగిందనుకోండి, దానికేదో తెలిసే జరిగిందని రెండోది ఇంకొంచెం జరుగుతుంది. దాన్ని చూసి మూడోది. సాయంత్రానికి ఏ కంపెనీకి ఆ కంపెనీ ఆరోజు పాఠం కార్లన్నిటికీ పంచుతుంది."

"మాన్పించలేరా?"

"ఏమని రాయమంటారు సార్? మిమ్మల్ని గుద్దలేదు. దారి మూయలేదు. దూరం పాటించాయి. అది తప్పు కాదు కదా." ఆవిడ తెర ఆపేసింది. "బండి బాగుచేయించండి. కొన్నాళ్ళు నిదానంగా నడపండి. మర్చిపోతాయేమో."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు సార్."

మెకానిక్కు ఆ పూటంతా వేరే పని ముట్టుకోలేదు. సొట్టలన్నీ తీశాడు, బంపరు బిగించాడు, చెక్క విప్పి పొయ్యిలోకి పనికొస్తుందని పక్కన పెట్టాడు. రంగు వేశాడు. శుక్రవారం పొద్దున కొత్త రంగుతో వ్యాను బయల్దేరింది. ఖాళీలు మీటరు దూరంలోకి వచ్చాయి. డ్రైవరు వేగం నలభై దాటనివ్వలేదు. పసుపు దీపానికే ఆగాడు. ఏడుకి అయిదు నిమిషాల ముందు అక్క కుర్చీలో ఉంది.

తిరుగు ప్రయాణంలో దూరం పది మీటర్లయింది. శనివారం ఆయన ఒక్కడే వ్యాను తీసి ఊరు చుట్టి చూశాడు. మధ్యాహ్నానికి యాభై.

"బండి సంగతి వాటికి తెలిసిపోయినట్టుంది. నా కారు తీసుకో," అన్నాడు మెకానిక్కు. "నాలుగేళ్ళుగా నడుపుతున్నా. ఒక్క ఖాళీ నాకేసి తల తిప్పలేదు."

ఆదివారం సాయంత్రం అక్కని పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవరు ఆ చిన్న కారు నడిపి చూశాడు. మొదటి అరగంట ఏమీ లేదు. తరవాత వెనకున్న తెల్లకారు ఒకటి కొంచెం వెనకబడింది. పక్కనున్న నీలిది వేగం తగ్గించింది. 

అక్క కిటికీలోంచి కాదు, తమ్ముడి చేతులకేసి చూస్తోంది.

"ఒరేయ్. ఆ మలుపు మళ్ళీ తిప్పు."

తిప్పాడు.

"చూసుకున్నావా? ఇంత చిన్న కారుని ఆ చివరిదాకా తీసుకెళ్ళి తిప్పుతున్నావు. వెనకాల నలభై అడుగుల బస్సు ఉన్నట్టు."

సిగ్నలు పడితే డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"బ్రేకు కూడా అంతే. మూడుసార్లు తొక్కుతావు. నిలబడ్డవాళ్ళు పడిపోతారని. ఇందులో నిలబడ్డవాళ్ళు ఎవర్రా?"

"నాకు తెలీదక్కా నేనలా చేస్తున్నట్టు."

"నాకు తెలుసు. నేను కుట్టిన జాకెట్టు ఊరవతల కనిపించినా గుర్తుపడతాను. కుట్టు తెలిసిపోతుంది." 

ఇంటికి వచ్చేదాకా ఆయన మలుపు చిన్నగా తిప్పడానికి ప్రయత్నించాడు. రెండుసార్లు చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది. చుట్టూ దూరం ఇంకా పెరిగింది.

సోమవారం ఆరూ నలభై ఎనిమిదికి జరిగింది ఇది.

అయిదు రోడ్లలోనూ ఖాళీలు వరసలుగా ఆగాయి. డ్రైవరు ముందుకి రెండు మీటర్లు పోనిచ్చాడు. ముందు వరస రెండు మీటర్లు వెనక్కి వెళ్ళింది. దాని వెనక వరసా వెళ్ళింది. వెనకాలున్నవి రెండు మీటర్లు ముందుకి వచ్చాయి. ఆయన ఆగితే అవి ఆగాయి. వెనక్కి తీశాడు. వలయం మొత్తం ఆయనతోపాటు వెనక్కి జరిగింది. కూడలి నిశ్శబ్దంగా ఉంది. టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు వినిపించింది.

దగ్గర్లో ఉన్న తెల్లకారులో ఒకావిడ తల దువ్వుకుంటోంది. 

"టైమెంత?" అంది అక్క.

"ఆరూ యాభై రెండు."

"తలుపు తియ్యి."

"నడుస్తావా? ఆ కాళ్ళతో కిలోమీటరున్నరా? పద, నేను పట్టుకుంటాను."

ఇద్దరూ దిగారు. ఆయన అక్క మోచెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేశాడు. ఎదుటి వరస నాలుగడుగుల మేర వెనక్కి జరిగింది. అక్క ఆగింది. 

"చెయ్యి వదులు."

"అక్కా..."

"వదలరా. వెనక్కి వెళ్ళి కారు దగ్గర నిలబడు."

ఆయన వెళ్ళి నిలబడ్డాడు. అక్క సంచీ భుజాన వేసుకుని ఒక్కతే నడిచింది. ఈసారి వరస కదల్లేదు. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. వరస దాకా వెళ్ళింది. ముందున్న వాటిలో ఒక తెల్లకారులో ఎవరూ లేరు. దాని వెనక తలుపు తెరుచుకుంది.

అక్క తిరిగి తమ్ముడి వైపు చూసింది. ఆయన ఏదో అన్నాడు కానీ యాభై మీటర్ల దూరం, వినిపించలేదు. ఆవిడ కాలి మడమ దగ్గర చెప్పు పట్టీ విప్పుకుంది, బిగుసుకుపోయి ఉంది. తరవాత ఎక్కి కూర్చుంది. తలుపు మూసుకుంది. ఆ కారు వెనక వరసల్లో ఒక దారి విచ్చుకుంది, నీలివీ తెల్లవీ చెరో పక్కకి జరిగి. కారు వెళ్ళిపోయాక దారి కలుసుకుంది.

ఏడూ ఒక నిమిషానికి ఫోను మోగింది.

"కూర్చున్నాన్రా. సూది పెడుతున్నారు."

"ఏమైనా అందా నీతో?"

"లేదు. ఎక్కడికని కూడా అడగలేదు."

డ్రైవరు కారెక్కి ఇంజను స్టార్టు చేశాడు. వలయం కదిలింది. ఆపాడు. ఆగింది. మెకానిక్కుకి ఫోను చేశాడు. మెకానిక్కు స్కూటరు మీద పావుగంటలో వచ్చాడు, నైటు ప్యాంటుతోనే. ఖాళీల మధ్యనుంచి స్కూటరు తోసుకుంటూ వచ్చి కూడలి నలుమూలలా చూశాడు.

"ఇదేంటి తొమ్మిదీ, నీకేమన్నా ఊరేగింపా?"

"నువ్వు కూర్చుని నడుపు."

"నువ్వు?"

"స్కూటరు ఇక్కడే ఉండనీ. నేను తరవాత నడిచి వస్తా."

డ్రైవరు దిగి, ఫుట్‌పాత్ ఎక్కి, కరెంటు స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మెకానిక్కు తాళం తిప్పాడు. ముప్పై మూడు కార్లు ఒకేసారి కదిలాయి. తెల్లవి నీలివాటి ముందు దూరాయి, నీలివి తెల్లవాటికి దారి ఇవ్వలేదు. నిమిషంలో కూడలి మామూలైపోయింది.

బుధవారానికి ఇద్దరూ ఒక ఏర్పాటు అనుకున్నారు. మెకానిక్కు నడుపుతాడు, డ్రైవరు వెనక సీట్లో అక్క పక్కన కూర్చుంటాడు. మెకానిక్కు ఆరుంపావుకి వస్తానన్నాడు. 

ఆరుంపావుకి కొంచెం ముందే డ్రైవరు గేటు తీశాడు. ఇంటి ముందు ఒక నీలికారు ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. వెనక తలుపు తెరిచి ఉంది.

"అక్కా, నువ్వు బుక్ చేశావా?"

"నాకు అది నొక్కడం వచ్చా?" అంటూ అక్క సంచీతో బయటికి వచ్చింది. కారుని చూసి గడపలోనే ఆగింది.

డ్రైవరు వీధి రెండు చివరలా చూశాడు. అటు చివర ఒక తెల్లకారు. ఇటు చివర ఒక తెల్లకారు. రెండూ అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఇటు చివర తెల్లకారు అవతల మెకానిక్కు కారు ఆగి ఉంది. మెకానిక్కు దిగి చేతులు ఊపుతున్నాడు.

"వెళ్ళొద్దక్కా. పిలవకుండా వచ్చినదాన్ని ఎక్కుతావా?"

"ఈరోజు పోతే మూడోది."

"వాడు చుట్టు తిరిగి వస్తాడు. పది నిమిషాలు చూద్దాం."

"వాడు వచ్చినా, నిన్నూ నన్నూ కలిపి కూర్చోబెట్టుకుని ఎటునుంచి వెళతాడ్రా?" అక్క గోడ పట్టుకుని మెట్టు దిగింది. 

"అయితే నేనూ వస్తా."

"రా మరి. నేను వద్దన్నానా?"

డ్రైవరు కారు వైపు రెండడుగులు వేశాడు. కారు రెండడుగులు ముందుకి జరిగింది, తలుపు తెరిచే ఉంది. ఆయన ఆగాడు. అది ఆగింది. ఇంకో అడుగు వేశాడు. అది ఇంకో అడుగు జరిగింది. ఆయన వెనక్కి నడిచి గేటు దాటి లోపలికి వెళ్ళాడు. కారు వెనక్కి వచ్చి, మొదట ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.

అక్క నవ్వబోయి మానేసింది.

"భయం వెయ్యట్లేదా నీకు?" అన్నాడు డ్రైవరు గేటు లోపలినుంచి.

"వేస్తోంది," అంది అక్క. "రాత్రి కూర్చునే నిద్రపోయాను. అది ఇంకా భయంగా ఉంది."

ఆవిడ కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు మూసుకుంది. వీధి చివర తెల్లకారు పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఆరూ ఇరవై నాలుగుకి నీలికారు మలుపు తిరిగింది.

ఆ ఉదయం ఆ వీధికి ఎవరూ కారు బుక్ చేయలేదని రెండు కంపెనీలూ ట్రాఫిక్ ఆఫీసుకి రాసి ఇచ్చాయి. ఆస్పత్రి రిజిస్టరులో అక్క వచ్చిన టైము ఆరూ నలభై అని ఉంది. శుక్రవారం ఆరు గంటల పది నిమిషాలకు గేటు ముందు తెల్లకారు ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది.